కారు అమ్మేశాను, ఇన్సూరెన్స్ రద్దు చేయించుకుంటే ఎంత వెనక్కి వస్తుంది?

ఖమ్మం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. ఉత్తరంలో సగం కారు గురించి, సగం చుట్టరికం గురించి ఉంది. కుదించి ఇస్తున్నాను.

"2021లో కొన్న పెట్రోలు కారును జులై నెలాఖరులో మా బావమరిదికి ఇచ్చాను. వాళ్లు విజయవాడలో ఉంటారు. బేరం 4 లక్షల 25 వేలు. 3 లక్షలు చేతికొచ్చాయి, మిగతాది దసరా దాటాక ఇస్తానన్నాడు. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, ఫారం 30 మీద తేదీ వేయకుండా సంతకాలు పెట్టి తాళాలతో పాటు ఇచ్చేశాను. ఆర్సీ ఇంకా నా పేరు మీదే ఉంది. పేరు మార్పించుకోమంటే 'ఆంధ్రాలో లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి బావా, ఏడాది దాకా టైముందట, చూద్దాంలే' అంటాడు. మా నాన్నగారేమో మిగతా లక్షా పాతిక వేలు వచ్చేదాకా పేరు మార్చనే వద్దంటున్నారు. కీసర టోల్‌గేట్ దగ్గర డబ్బు కట్ అయినట్టు ఇప్పటికీ నా ఫోన్‌కే మెసేజీలు వస్తున్నాయి.

నా అసలు బాధ ఇన్సూరెన్స్. జూన్ 1 నుంచి ఏడాదికి ఫుల్ ఇన్సూరెన్స్ రెన్యువల్ చేయించాను. బంపర్ టు బంపర్‌తో కలిపి 14,160 రూపాయలు అయింది. అప్పటికి కారు అమ్మే ఆలోచనే లేదు. రెండు నెలలు తిరగకుండానే కారు ఇచ్చేశాను కదా, మిగిలిన డబ్బు ఎందుకు వదులుకోవాలని ఏజెంటును అడిగాను. 'మూడు నెలలు దాటింది కాబట్టి సగం కోత. పైన 500 ప్రాసెసింగ్ చార్జీ. డబ్బు నా ఖాతాలో పడుతుంది, నేను మీకు ఫోన్‌పే చేస్తా' అన్నాడు.

ఇంతలో ఆగస్టులో బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో తగిలి ముందు బంపర్ పగిలిందట. 9 వేలు అవుతుందన్నారట. 'పాలసీ మీ పేరు మీదే ఉంది కదా బావా, ఒక్క సంతకం పెట్టి పంపండి' అని క్లెయిమ్ ఫారం వాట్సాప్‌లో పంపాడు. నేను రద్దు మాటెత్తగానే మా ఆవిడ, 'తోడబుట్టినవాడితో ఇన్సూరెన్స్ డబ్బులకు పేచీ పెట్టుకుంటారా' అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దసరాకు మేం కొత్త కారు కొనాలనుకుంటున్నాం. సంతకం పెట్టాలా? రద్దు చేయించాలా? చేయిస్తే న్యాయంగా ఎంత రావాలి? ఇంట్లో గొడవ లేకుండా ఇది తేలే దారి ఉందా?"

మాస్టారూ,

ఈ వారం రెండు కాగితాల మీద సంతకం ఆపండి. ఒకటి క్లెయిమ్ ఫారం, రెండోది రద్దు దరఖాస్తు. మొదటిది అసలు పెట్టకూడనిది. రెండోది పెట్టొచ్చు, కానీ ఇప్పుడే కాదు. ఎందుకో చెప్పే ముందు మీరు సూటిగా అడిగిన డబ్బు లెక్క తేల్చేద్దాం.

మీ ఏజెంటు చెప్పిన 'సగం కోత' గాల్లోంచి పుట్టింది కాదు. 2002 నాటి మోటార్ టారిఫ్‌లో ఒక పట్టిక ఉండేది. పాలసీదారు తనంతట తాను రద్దు చేసుకుంటే కంపెనీ మొదటి నెలకే ఏడాది ప్రీమియంలో 20 శాతం ఉంచేసుకునేది. రెండు నెలల వరకైతే 30 శాతం, మూడు నెలల వరకు 40, నాలుగు నెలల వరకు 50. అలా పెరుగుతూ ఎనిమిది నెలలు దాటాక పైసా వెనక్కి వచ్చేది కాదు. మూడు నెలలు దాటిన మీ పాలసీకి ఆ పట్టిక ప్రకారం సగమే వస్తుంది. ఏజెంట్లు ఏళ్ల తరబడి ఈ పట్టికనే అప్పజెప్పారు, కొందరు ఇప్పటికీ అప్పజెబుతున్నారు.

కానీ 2024 జూన్ 11న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సాధారణ బీమాపై ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ఈ లెక్క మార్చేసింది. మీలాంటి వ్యక్తిగత పాలసీదారు కారణం చెప్పనక్కర్లేకుండా ఎప్పుడైనా రద్దు కోరవచ్చు. ఏడాది వరకు కాలం ఉన్న పాలసీ అయి, ఆ కాలంలో క్లెయిమ్ ఏదీ లేకపోతే, మిగిలిన రోజులకు దామాషాగా ప్రీమియం తిరిగివ్వాలి. కంపెనీ తనంతట తాను రద్దు చేయాలంటే మాత్రం మోసం రుజువు కావాలి, ఏడు రోజుల నోటీసూ ఇవ్వాలి. ఈ మోసం అన్న మాట గుర్తుంచుకోండి, బంపర్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మీరు పంపిన పాలసీ కాపీ చూశాను. 14,160లో 2,160 జీఎస్టీ. మిగిలిన 12,000లో థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) ప్రీమియం 3,416. వెయ్యి సీసీ దాటి 1500 సీసీ వరకు ఉన్న సొంత కార్లకు 2022 జూన్ నుంచి నడుస్తున్న రేటు అది, ఏ కంపెనీలోనైనా అంతే. మిగతా 8,584 ఓన్ డ్యామేజ్ (మన కారుకే జరిగే నష్టానికి), విడిభాగాల తరుగు కోయకుండా ఇచ్చే బంపర్ టు బంపర్‌ల కింద. పాలసీ 100 రోజులు నడిచాక రద్దయిందనుకుందాం. మిగిలేది 265 రోజులు. 12,000కు దామాషాగా 8,712 రూపాయలు వస్తుంది. దాని మీది జీఎస్టీ కూడా కలిపితే సుమారు 10,280. పాత పట్టిక ప్రకారమైతే జీఎస్టీ కాక 6,000 దగ్గర ఆగిపోయేది. రద్దు ఆలస్యమయ్యే కొద్దీ రోజుకు 39 రూపాయల చొప్పున తరుగుతుందంతే. కాబట్టి కొన్ని రోజులు ఆగితే కొంప మునిగిపోదు. ఆ తొందరలో తప్పటడుగు వేస్తేనే మునుగుతుంది.

ఇప్పుడు రద్దు ఎందుకు చివరి మెట్టో చూద్దాం.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీరు ఇష్టపడితే ఉంచుకుని, లేదంటే తీసేసుకునే సరుకు కాదు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం అది లేకుండా కారు రోడ్డెక్కకూడదు. ఎక్కితే మొదటిసారి 2,000, ఆ తర్వాత 4,000 జరిమానా, మూడు నెలల దాకా జైలుకూ అవకాశం ఉంది. నడిపినవాడికే కాదు, నడపనిచ్చినవాడికీ అది వర్తిస్తుంది. అందుకే బండికి వేరేచోట కనీసం థర్డ్ పార్టీ పాలసీ ఉందని కాగితం చూపిస్తే తప్ప పాత పాలసీ రద్దు చేయకూడదన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. అలాంటి కాగితం ఏదీ అడగకుండా 'నేను మీకు ఫోన్‌పే చేస్తా' అన్న ఏజెంటు తెలియకైనా అని ఉండాలి, తెలిసి నిర్లక్ష్యంగానైనా అని ఉండాలి. రెండూ మీకు మంచివి కావు.

ఒకవేళ ఎలాగోలా రద్దయిపోయిందే అనుకోండి. కారు విజయవాడలో తిరుగుతూ ఉంటుంది, ఆర్సీలో పేరు మీది. మర్నాడు బందరు రోడ్డు మీద ఎవరికైనా తగిలితే? 'నేను జులైలోనే అమ్మేశానండీ' అంటే చెల్లదు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. ఆ కారు ఒకరి నుంచి ఒకరికి నాలుగైదు చేతులు మారింది. అయినా రికార్డులో పేరున్న మొదటి మనిషే యజమాని, పరిహారం బాధ్యత అతనిదే అంది. ప్రాణం పోయిన కేసులో ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది, ఇన్సూరెన్స్ లేకపోతే అదంతా మీ జీతంలోంచి పోవాలి. పది వేల కోసం ఆ గొడుగు తీసేయకండి.

పాలసీ ఇప్పుడే రద్దయితే ఇంకో పని కూడా ఆగిపోతుంది. ఆర్టీఏ ఆఫీసులో పేరు మారాలంటే కారుకు చెల్లుబాటయ్యే ఇన్సూరెన్స్ ఉండాలి.

ఇక్కడ మీ నాన్నగారి మాట దగ్గర ఆగాలి. మిగతా డబ్బు వచ్చేదాకా పేరు మార్చవద్దన్న సలహా మన ఊళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఇస్తారు. ఆర్సీని తాకట్టు కాగితంలా చూస్తారు. పొలం పాస్‌బుక్ చేతిలో ఉంటే పొలం ఎక్కడికీ పోదు. కారు అలా కాదు, రోజూ రోడ్డు మీద ఉంటుంది. పేరు మీది, స్టీరింగు ఇంకొకరిది అయితే ఆ కాగితం హామీగా పనిచేయకపోగా పూచీ అంతా మీ మెడకే చుట్టుకుంటుంది. చలాన్లు మీకే వస్తాయి, కోర్టు నోటీసులూ మీకే వస్తాయి. లక్షా పాతిక వేలకు హామీ కావాలంటే ప్రామిసరీ నోటు రాయించుకోండి. చుట్టాల మధ్య నోటేమిటని మీ ఇంట్లో అంటే, లేదా మీకే అడగబుద్ధి కాకపోతే, కనీసం బాకీ మొత్తం, ఇచ్చే తేదీ ఒక మెసేజీలో పెట్టి అతని చేత 'సరే' అనిపించండి. హామీలో అది నోటు కంటే తక్కువే. ఆర్సీ పట్టుకుని కూర్చోవడం కంటే మాత్రం ఎంతో మేలు.

బావమరిది చెప్పే 'ఏడాది టైము' కూడా సగం నిజం. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలన్న నియమం అది. బదిలీ మీద ఉద్యోగం మారి బండి వెంట తీసుకెళ్లిన వాళ్ల లాంటివారికి పనికొస్తుంది. అమ్మకానికి వేరే గడువు ఉంది. రాష్ట్రం దాటి అమ్మితే 45 రోజుల్లో అమ్మినవాడు తన ఆర్టీఏ నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ తీసుకుని తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో తెలియజేయాలి. మీ 45 రోజులు అయిపోవచ్చాయి. ఇంకో మాట, మీకు కాస్త గుచ్చుకోవచ్చు. ఎన్‌ఓసీ కోసం ఫారం 28 పెట్టాల్సింది అతను కాదు, మీరు. కారు రికార్డు ఖమ్మంలో ఉంది. అక్కడ కాగితం కదలనిదే విజయవాడలో ఏదీ కదలదు. చలాన్లుంటే కట్టేసి, కారు మీద లోన్ ఉండి ఉంటే బ్యాంకు నుంచి ఫారం 35 తెచ్చి ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) తీయించి, దరఖాస్తు పెట్టండి. 'నేను ఎన్‌ఓసీ తెచ్చి పెట్టాను, ఇక నీదే ఆలస్యం' అనగలిగిన రోజు మీ మాటకు బలం వస్తుంది.

ఈలోగా తేదీ వేయని ఆ ఫారాల సంగతి చూడండి. కారు అప్పగించిన తేదీ, సమయం, మీటరులో కిలోమీటర్లు, ఇంజిన్, చాసిస్ నంబర్లు రాసి, 'ఈ క్షణం నుంచి బాధ్యత నాది' అన్న వాక్యంతో అతని సంతకం తీసుకోండి. డెలివరీ రసీదు అంటారు. బయటివాళ్లకు సెకండ్ హ్యాండ్ బండి అమ్మేటప్పుడు బ్రోకర్లు తప్పకుండా రాయించేది ఇదే, చుట్టాలకు అమ్మేటప్పుడే మరిచిపోతాం. తేదీ మాత్రం నిజంగా అప్పగించిన రోజే వేయండి. ఫాస్టాగ్ కూడా మీరు తీసుకున్న బ్యాంకు యాప్‌లోనో 1033కు ఫోన్ చేసో మూసేయించండి.

ఇక బంపర్. అతను అడిగినదాన్ని నేను దుర్బుద్ధి అనను. పాలసీ ఉంది, ప్రీమియం కట్టారు, వాడుకుంటే తప్పేమిటన్నది చాలామంది అనుకునేదే. కానీ చట్టం అలా చూడదు. కారు చేతులు మారగానే మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ కింద థర్డ్ పార్టీ రక్షణ దానంతటదే కొన్నవాడి వెంట వెళ్తుంది. సొంత డ్యామేజీ అలా వెళ్లదు. 1995లో కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా గీసింది. అమ్మేశాక ఆ కారు పాడైతే నష్టం మీది కాదు, కాబట్టి క్లెయిమ్ మీకు లేదు. పాలసీ అతని పేరు మీద లేదు, కాబట్టి అతనికీ లేదు. క్లెయిమ్ ఫారంలో యజమాని అన్నచోట మీరు సంతకం చేస్తే, జులైలో అమ్మిన కారును ఆగస్టులో నాదేనని చెప్పినట్టు. రేపు ఆర్టీఏలో అమ్మకం తేదీ జులై అని ఎక్కాక ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే దాన్ని ఏమంటారో నేను చెప్పనక్కర్లేదు. కంపెనీ తనంతట తాను రద్దు చేయగలిగే కారణం ఏదో ఇందాకే చెప్పాను.

సరే, ధర్మం మాట పక్కన పెట్టి ఒట్టి రూపాయల్లో చూడండి. రిపేరు 9,000. ఈ సైజు కార్లకు ప్రతి క్లెయిమ్‌లో 1,000 మనమే భరించాలి, బంపర్ టు బంపర్ ఉన్నా సరే. చేతికొచ్చేది మహా అయితే 8,000. పోయేదేమిటి? క్లెయిమ్ ఉంటే దామాషా వాపసు లేదు, అంటే మీ 10,280 పోయినట్టే. దానితో పాటు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా పోతుంది. మీరు దసరాకు కారు కొంటున్నారు కాబట్టి నాకు ఇదే ఎక్కువ బాధ.

ఈ బోనస్ గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మీ పాలసీలో మాత్రం 45 శాతం అని ఉంది. వరసగా నాలుగేళ్లు క్లెయిమ్ వేయకుండా సంపాదించుకున్నది. అది కారుది కాదు, మీది. కారు అమ్మినా మీతోనే వస్తుంది. అమ్మిన ఆధారం చూపి కంపెనీని అడిగితే బోనస్ ఇంత ఉందని లెటర్ ఇస్తారు. అది మూడేళ్లు చెల్లుతుంది. కొత్త కారుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఉదాహరణకు 22,000 పడితే, ఈ లెటర్ చూపగానే 9,900 తగ్గుతుంది. కాబట్టి ఆ ఒక్క సంతకంతో మీ ఇంట్లోకి వచ్చేది 8,000, పోయేది 20,000. మీ ఆవిడకు ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి చూపించండి. తమ్ముడి మీద ఫిర్యాదుగా చెప్పకండి, లెక్కలా చెప్పండి. తమ్ముడికి బంపర్ సాయం చేయాలని ఆవిడకు గట్టిగా ఉంటే మిగతా బాకీలో ఓ నాలుగైదు వేలు తగ్గించుకోవడం మీ ఇంటి విషయం, దానికి ఏ చట్టమూ అడ్డురాదు. అది క్లెయిమ్ కంటే చవక.

కొత్త కారు ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నియమమేమీ లేదు, అక్కడ ఎంత గట్టిగా చెప్పినా. తీసుకున్నా ఆ బోనస్ లెటర్ వాళ్ల ముందు పెట్టండి, వాళ్లంతట వాళ్లు అడగరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, పాలసీని అతని పేరుకు మార్చడం. నిజానికి అమ్మిన 14 రోజుల్లో అతను కంపెనీకి రాయాల్సింది. ఆ గడువు దాటినా అడగవచ్చు, కానీ మార్చిన రోజు నుంచే సొంత డ్యామేజీ రక్షణ మొదలవుతుంది, ఆగస్టు బంపర్‌కు పనికిరాదు. మీ 45 శాతం బోనస్ అతనికి చెందదు కాబట్టి ఆ తగ్గింపు విలువ మిగిలిన రోజులకు అతని దగ్గర వసూలు చేస్తారు. మీ పాలసీలో బోనస్ కింద తగ్గింది 4,896. 265 రోజులకు 3,555, జీఎస్టీతో సుమారు 4,200. బదిలీ రుసుము నామమాత్రం. ప్రీమియం లెక్కకు చేసిన ప్రాంతాల విభజనలో ఖమ్మం, విజయవాడ రెండూ బీ జోన్‌లోనే ఉన్నాయి కాబట్టి ఊరు మారినందుకు ప్రీమియం మారదు. ఇలా చేస్తే కంపెనీ మీకేమీ ఇవ్వదు. మీరు కట్టిన మిగతా 10,280 కావాలంటే బావమరిదినే అడగాలి.

రెండోది, రద్దు. ముందు అతను తన పేరున కొత్త పాలసీ తీసుకోవాలి, కనీసం థర్డ్ పార్టీ. జీఎస్టీతో 4,031 అవుతుంది. ఆ పాలసీ కాపీ, పేరు మారిన ఆర్సీ జతచేసి మీరు రద్దుకు, బోనస్ లెటర్‌కు ఒకేసారి దరఖాస్తు పెడతారు. కంపెనీ మీకు దామాషాగా ఇస్తుంది. ఒక్కటి చూసుకోండి, కొత్త పాలసీ మొదలయ్యే గంటకు పాతది ముగియాలి. మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ వద్దు.

ఈ రెండు దారుల్లో ఏది చవక అని మీరు తప్పకుండా లెక్క వేస్తారు, మాస్టారు కదా. నేనూ వేశాను. మొదటి దారిలో అతను కంపెనీకి 4,200, మీకు 10,280, మొత్తం 14,480 పెట్టి 265 రోజులు ఫుల్ ఇన్సూరెన్స్ పొందుతాడు. రెండో దారిలో బోనస్ లేకుండా అదే రేట్లకు కొత్త ఫుల్ పాలసీ తీసుకుంటే 365 రోజులకు దాదాపు 19,940. రోజుకు ఎంత పడిందని భాగిస్తే రెండింటిలోనూ 54 రూపాయల 60 పైసలు. తేడా రూపాయల్లో లేదు, ఎవరు ఎవరిని అడగాలన్నదే తేడా. మొదటి దారిలో మీరు బావమరిదిని అడగాలి. రెండో దారిలో మీరు కంపెనీని అడుగుతారు, అతను తన కారుకు తాను ఇన్సూరెన్స్ చేయించుకుంటాడు. మీ ఆవిడ భయపడుతున్న పేచీకి అక్కడ చోటే లేదు. ఒట్టి థర్డ్ పార్టీ చాలనుకున్నా, ఆన్‌లైన్‌లో తక్కువకు దొరికినా అది అతని ఇష్టం. నా మొగ్గు రెండో దారి వైపే. అయితే అతను ఇప్పుడు డబ్బుకు ఇబ్బందిలో ఉండి ఉంటే, మీరు ఆ పది వేలు వదులుకోగలిగితే, మొదటిది సులువు, ఫుల్ ఇన్సూరెన్స్ అతనికి 4,200లో అయిపోతుంది. వదులుకుంటే మాత్రం నోరారా చెప్పి వదలండి. చెప్పకుండా వదిలింది మనసులో బాకీగానే ఉంటుంది, ఏదో పెళ్లిలో బయటపడుతుంది.

మూడోది, ఏమీ చేయకుండా వచ్చే మే 31 దాకా నడవనివ్వడం. ఇప్పుడు నడుస్తున్నది ఇదే. థర్డ్ పార్టీ రక్షణ ఉంటుంది కాబట్టి మీరు నిలువునా మునగరు. కానీ అతని కారుకు సొంత డ్యామేజీ రక్షణ లేదు, ఉందనుకుని అతను నడుపుతున్నాడు. ఏ పెద్ద యాక్సిడెంటో అయ్యాక ఆ సంగతి తెలిస్తే 'బావ చెప్పలేదు' అన్న మాట పడేది మీరే. ఆర్సీ మారాక రెండు పాలసీలు ఒకే కారు మీద నడిచే పరిస్థితీ రావచ్చు. ఈ దారి ఎంచుకున్నా సరే, సొంత డ్యామేజీ లేదన్న ముక్క అతనికి రాతపూర్వకంగా చెప్పండి.

ఏజెంటు దగ్గరికి వద్దాం. 500 ప్రాసెసింగ్ చార్జీ అంటే, ఏ క్లాజు కింద అని పాలసీ పత్రంలో చూపించమనండి. చూపించలేకపోతే కట్టకండి. తిరిగొచ్చే డబ్బు తన ఖాతాలో పడుతుందన్నాడు చూశారా, అది కుదరనే కుదరదు. ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం రద్దు వల్ల తిరిగివ్వాల్సిన ప్రీమియం కంపెనీ నేరుగా పాలసీదారుకే ఇవ్వాలి, ఏ పరిస్థితిలోనూ ఏజెంటు ఖాతాలో జమ చేయకూడదు. కాబట్టి దరఖాస్తు ఆయన చేతికి ఇవ్వకండి. కంపెనీ బ్రాంచిలో ఇచ్చి స్టాంపు వేసిన రసీదు తీసుకోండి, లేదా కస్టమర్ కేర్ మెయిల్‌కు మీ మెయిల్ నుంచే పంపండి. మీ పేరు కనబడే క్యాన్సిల్డ్ చెక్కు జతచేయండి. లెక్క రాతపూర్వకంగా ఇమ్మనండి, ఎన్ని రోజులకు ఎంత, జీఎస్టీ ఎంత అని విడివిడిగా. జీఎస్టీ ముక్కను మింగేసే కంపెనీలు ఉండొచ్చు. అడిగితే గానీ కనబడదు.

మీ కొత్త కారు గురించి ఒక్క మాట. దానికి థర్డ్ పార్టీ మూడేళ్లకు ఒకేసారి కట్టాలి, సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ అంతే. ఎప్పుడైనా మధ్యలో రద్దు చేయాల్సి వస్తే, ఇంకా మొదలుకాని సంవత్సరాల ప్రీమియం తిరిగిరావాలి. ఆ పాలసీ పత్రం చివరి పేజీల్లో రద్దు గురించిన పేరా ఒకసారి కొనేరోజే చదువుకోండి.

కంపెనీ పాత పట్టికే పట్టుకుని ఆరు వేలే ఇస్తానంటే, 2024 జూన్ 11 సర్క్యులర్ పేరెత్తి వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టండి. కదలకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255కు ఫోన్ చేసినా ఫిర్యాదు రాసుకుంటారు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఆ ఆఫీసు కిందికే వస్తాయి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ కాదన్న ఏడాది లోపు వెళ్తే చాలు. రెండు వేల ఏడు వందల తేడాకు అంత దూరం వెళ్తారా లేదా అన్నది మీ ఓపిక. చాలాసార్లు గ్రీవెన్స్ మెయిల్ దగ్గరే తేలిపోతుంది, సర్క్యులర్ తేదీ అందులో రాసి ఉంటే.